ఊరకుండమంటే ఎలా ఉండాలి?

ప్రకాశం జిల్లా నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 41 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త ట్రాక్టర్ల మెకానిక్. బీపీ ఉందని తెలిసినా ఏళ్ల తరబడి మందులు సరిగా వేసుకోలేదు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రభుత్వ పథకంలో జరుగుతోంది కాబట్టి దానికి ఖర్చు లేదు గానీ షెడ్డు మూతపడింది, ఇంటికి ఆమె జీతమే ఆధారం. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. తన కిడ్నీ ఇద్దామని వెళ్తే ఆయన రక్తం ఓ గ్రూపు, ఆమెది బి. కలవలేదు. ఆయన అక్కది ఓ గ్రూపే. మొదట్లో ఆవిడ "తమ్ముడికి నేనిస్తా" అన్నారు, తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆవిడ భర్తకీ కొడుకులకీ ఇష్టం లేదని బంధువుల ద్వారా తెలిసింది. చనిపోయినవారి అవయవాలను అవసరమైనవారికి చేర్చే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి ఏడాదిన్నర దాటింది. పిలుపు రాలేదు.

ఇక ఆమె మాటల్లోనే:

"డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీస్తే నాకు 'ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి' అని వచ్చింది. పక్కనున్న అక్కకి స్వస్థత వాక్యం వచ్చింది. వాళ్లింట్లో అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఆ కార్డు నాకు రాకూడదా అని అసూయపడ్డాను. నాది బీరువా అద్దానికి అంటించాను. రోజూ చూస్తాను. ఊరకుండటం నావల్ల కావటం లేదండీ. ఫోన్ బాత్రూముకి కూడా తీసుకెళ్తున్నాను. కొత్త నంబరు కనిపిస్తే గుండె దడ. ఎత్తితే లోన్ కావాలా అంటారు.

"బుధవారం ఉపవాస ప్రార్థన, శుక్రవారం స్త్రీల కూడిక, నెలకోసారి రాత్రంతా ప్రార్థన. ఏదీ మానటం లేదు. మోకాళ్ల మీదే నిద్రపోతున్నాను. 'చింత ఉందంటే విశ్వాసం లేనట్టేనమ్మా, అందుకే నీకు ఆలస్యం' అని ఒకావిడ అంది. ఈయనేమో కూడికలకు రావటం మానేశారు. నేను బయల్దేరుతుంటే 'ఈ పూటైనా ఇంట్లో ఉండు' అంటారు. విశ్వాసంలో చల్లబడిపోయారని భయంగా ఉంది.

"ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నేను కిడ్నీ కోసం ప్రార్థన చేస్తున్నానంటే, ఎక్కడో ఎవరో చనిపోవాలనే కదా. మొన్న హైవే మీద యాక్సిడెంట్ వార్త టీవీలో వస్తుంటే నాకు ముందు జాలి కలగలేదు. బ్లడ్ గ్రూపు ఏమిటో అనుకున్నాను. ఆ రోజు నుంచి ప్రార్థనకు కూర్చుంటే నోరు పెగలటం లేదు.

"వచ్చే నెల బయటి నుంచి ఒక దైవజనుడు వచ్చి 21 రోజుల ఉపవాస కూడికలు పెడుతున్నారు. ఆయన్ని కలిస్తే 'చివరి వారం డయాలసిస్ ఆపి పూర్తిగా దేవుని మీద ఆనుకోండి, అద్భుతం చూస్తారు' అన్నారు. మా సంఘకాపరి అయ్యగారు ఏమీ అనలేదు. నేనేం చేయాలి? ఇంకా ఎక్కువ ప్రార్థించాలా, మానేయాలా? వదినను అడగాలా? ఊరకుండాలా? ఊరకుండటమంటే అసలేమిటి?"

అమ్మా,

ముందు ఆ చివరి సంగతి. మిగతా వాటిలో మీకు దారులున్నాయి, వాటిలో ఏది ఎంచుకోవాలో మీ ఇష్టం. డయాలసిస్ ఆపడం మాత్రం వాటిలో ఒకటి కాదు. డయాలసిస్ మీదున్న మనిషికి వారం పాటు ఆపితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, అది పెరిగితే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు. ఇది విశ్వాసం ఉన్నవారికీ లేనివారికీ ఒకేలా జరుగుతుంది. ఆయన చేత ఉపవాసం చేయించాలన్నా, ఒక్క పూటైనా సరే, కిడ్నీ డాక్టరును అడక్కుండా వద్దు. మందులూ ఆహారమూ నీళ్లూ అన్నీ ఒక కొలత ప్రకారం నడుస్తున్న శరీరం అది.

వాక్యం ఆధారంగా అడుగుతారా, అక్కడికే వెళ్దాం. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని వాక్యం చూపించి మరీ చెప్పింది ఎవరో మీకు తెలుసు. దానికి ఆయన ఇచ్చిన జవాబు: "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు." ఇక హిజ్కియా రాజు. మరణకరమైన రోగం వచ్చింది. కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు మాట ఇచ్చాడు. ఆ మాట వచ్చాక కూడా యెషయా ఏం చేయమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం దొరికిందని మందు మానలేదు. మీ ఆయన ఎక్కే ఆ మిషను మీ ఇంటికి అంజూరపు ముద్ద అనుకోండి. అది ఎక్కిన ప్రతిసారీ దేవుని దయనే ఎక్కుతున్నారు.

మీ అయ్యగారు ఏమీ అనలేదన్నారు. బయటి నుంచి వచ్చిన పెద్దమనిషిని ఎదిరించడానికి మొహమాటపడి ఉండొచ్చు. మీరు ఆయన్ని ఒంటరిగా కలిసి, "అయ్యగారూ, నా భర్త ప్రాణం సంగతి, మీరు స్పష్టంగా చెప్పండి" అని అడగండి. చాలామంది సంఘకాపరులు అలా అడిగితే స్పష్టంగానే చెబుతారు.

ఇప్పుడు మీరు ఎవరికీ చెప్పని మాట దగ్గరకు వస్తాను. ఈ ఉత్తరంలో బరువంతా అక్కడే ఉందని నాకు అనిపించింది. మీ నోరు పెగలనిది విశ్వాసం తగ్గి కాదు. మీరు అడుగుతున్నదే పాపమేమోనని భయపడి.

జీవన్‌దాన్ ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. అది ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. ఎవరికైనా మెదడు పూర్తిగా చనిపోయిందని తేల్చడానికి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు ఉంటుంది. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. అవయవాన్ని మార్చే డాక్టర్లు ఆ బోర్డులో ఉండకూడదు. ఇదంతా అయ్యాకే ఆ కుటుంబాన్ని అడుగుతారు. వాళ్లు ఒప్పుకుంటేనే జాబితాలో ఉన్నవారికి కబురు వస్తుంది. అంటే మీ పేరు జాబితాలో ఉండటం వల్లగానీ, మీరు మోకరించడం వల్లగానీ ఒక్క ప్రాణం కూడా ముందు పోదు. ఆ మరణం మీ ప్రార్థనతో ముడిపడి లేదు. ముడిపడేది ఆ తర్వాతి ఘడియ. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఒక తల్లి, ఒక భార్య, తమ జీవితంలో అన్నిటికంటే చెడ్డ రోజున "సరే" అనాలా వద్దా అని ఆలోచించే ఘడియ.

మీ ప్రార్థనను అక్కడికి మార్చండి. "ప్రభువా, కిడ్నీ ఇప్పించు" అన్న మాట ఇక గొంతు దాటకపోతే బలవంతం చేయకండి. దాని బదులు, మీకు పేరు తెలియని ఆ కుటుంబం కోసం అడగండి. వాళ్లకు ఆ రోజు తోడు ఎవరైనా ఉండాలని, డాక్టర్లు వాళ్లతో నెమ్మదిగా మాట్లాడాలని, ఏ నిర్ణయం తీసుకున్నా తర్వాత జీవితమంతా వాళ్లు దాన్ని తలచుకుని కుమిలిపోకుండా ఉండాలని. వాళ్లు కాదంటే కాదననివ్వండి. యాక్సిడెంట్ వార్త చూసి మీకు బ్లడ్ గ్రూపు గుర్తొచ్చిందే, అలా మీలాంటి ఎంతోమందికి గుర్తొస్తుంది. రెండేళ్లుగా ఒకే విషయం చుట్టూ తిరిగిన మనసు ముందు ఆ దారినే పరిగెడుతుంది. ఆ వెంటనే మీకు సిగ్గేసింది కదా, ఆ సిగ్గే చెబుతోంది మీ గుండె రాయి కాలేదని. ఇకమీదట అలాంటి వార్త వచ్చినప్పుడు, ఆ మొదటి ఆలోచనతో పోట్లాడకుండా, ఆ మనిషి కోసమూ వాళ్లింటివాళ్ల కోసమూ ఒక్క మాట అడగండి.

మీకు ఇష్టమైతే ఇంకొకటి చేయొచ్చు. మీరు కూడా అవయవదానానికి జీవన్‌దాన్‌లో ప్రతిజ్ఞ నమోదు చేయించుకోండి. ఇంట్లో వాళ్లకు ఆ సంగతి చెప్పి ఉంచండి, ఎందుకంటే చివరికి అడిగేది కుటుంబాన్నే. మీరు పుచ్చుకునేవారి వరుసలోనే కాక ఇచ్చేవారి వరుసలో కూడా నిలబడతారు. చేయకపోతే తప్పేం లేదు.

ఇక ఊరకుండటం.

ఆ వాక్యాన్ని మనం కార్డుల మీద పూలబొమ్మ పక్కన చూసి చూసి, అదేదో ప్రశాంతమైన చోట చెప్పిన మాట అనుకుంటాం. 46వ కీర్తన మొత్తం ఒకసారి చదవండి. కొండలు సముద్రంలో పడిపోతున్నాయి, నీళ్లు ఘోషిస్తున్నాయి, జనాలు ఘోషిస్తున్నాయి, విల్లులు విరుగుతున్నాయి, రథాలు కాలుతున్నాయి. ఆ గోలంతా అయ్యాకగానీ "ఊరకుండుడి" అన్న మాట రాదు. గుండె దడదడలాడుతున్నవాళ్లకే ఆ మాట వచ్చింది. కాబట్టి మీకు దడ ఉన్నంత మాత్రాన ఆ వాక్యం మీకు వర్తించకుండా పోదు.

నిర్గమకాండం 14వ అధ్యాయం ఇంకా చిత్రంగా ఉంటుంది. ముందు ఎర్ర సముద్రం, వెనక ఫరో రథాలు. మోషే జనంతో అంటాడు: "యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను." మనవాళ్ల ప్రసంగాలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. ఆ తర్వాతి వచనమే దేవుడు మోషేతో అన్న మాట: "నీవేల నాకు మొఱపెట్టుచున్నావు? సాగిపోవుడి అని ఇశ్రాయేలీయులతో చెప్పుము." ఊరకుండమన్న నోటి పక్కనే సాగిపొమ్మన్న మాట! సముద్రాన్ని చీల్చడం వాళ్ల పని కాదు, ఆ విషయంలో ఊరకుండాలి. చీలాక నడవడం వాళ్ల పనే, ఆ విషయంలో ఊరకుంటే ఫరో పట్టుకుంటాడు. మీరు అడిగిన "ప్రార్థించాలా, వదినను అడగాలా, ఊరకుండాలా" అన్న మూడూ ఒకదానికొకటి పోటీ అని మీరు అనుకుంటున్నారు. కానక్కర్లేదు.

మీ పనులేవో చూడండి. రిపోర్టులు జీవన్‌దాన్ జాబితాకు తగ్గట్టు ఎప్పటికప్పుడు ఉన్నాయో లేదో చూసుకోవడం. ఆయన బీపీ, ఆయన తిండి. వదినతో మాట్లాడాలా వద్దా అని తేల్చుకోవడం. పిల్లలు. అంతే. ఎవరి కిడ్నీ ఎప్పుడు వస్తుంది, కలుస్తుందా, ఆయన ఎన్నాళ్లుంటారు, ఇవి మీవి కావు. మీరు రాత్రంతా మోస్తున్నవి మాత్రం ఇవే. ప్రార్థన ఎక్కువ చేస్తే ఆ సంగతులు కాస్త మీ చేతికి వస్తాయన్న ఆశ, కూడిక ఒకటి మానితే అవి జారిపోతాయన్న భయం మీ ఉత్తరంలో అడుగడుగునా కనబడ్డాయి. అది మీ తప్పు కాదు. "అందుకే నీకు ఆలస్యం" అన్న మాట అటువంటి భయాన్నే పుట్టిస్తుంది. ఆ మాట అన్నావిడ ప్రేమతోనే అని ఉండొచ్చు. అయినా అది వాక్యం కాదు. దావీదు "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అన్నాడు. మార్త యేసు మొహం మీదే "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అంది. యేసు ఆమెను గద్దించలేదు. లాజరు రోగి అని కబురు విన్నాక కూడా ఆయన ఉన్నచోటే రెండు రోజులు ఉండిపోయాడు. ఆ రెండు రోజుల ఆలస్యం మార్త విశ్వాసం కొలిచి వేసిన శిక్ష అని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. మన మధ్యే బతికిన భక్తుడు, హైదరాబాద్‌లో హెబ్రోను ప్రార్థనామందిరం నెలకొల్పిన భక్త్ సింగ్ గారు 2000లో చనిపోయే ముందు చాలా ఏళ్లు పార్కిన్సన్ జబ్బుతో మంచం మీదే ఉన్నారు. ఆయనకు ప్రార్థన చేయడం రాదని ఎవరంటారు?

మోకాళ్ల మీద నిద్రపోతున్నందుకు మీరు సిగ్గుపడుతున్నారు. స్కూలు, వంట, డయాలసిస్‌కి తీసుకెళ్లడం, రాత్రి ప్రార్థనలు. మీ ఒంటికి నిద్ర లేదమ్మా. ఏలీయా చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపినప్పుడు అన్న మాట చూడండి: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది, నీవు లేచి భోజనము చేయుము." మిక్కిలి నిమ్మళమైన ఆ స్వరం ఏలీయాకు వినపడింది ఆ నిద్రా ఆ తిండీ అయ్యాకే. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోతే యేసు నొచ్చుకున్నాడు, నిజమే. అయినా "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అన్నాడు. మిమ్మల్ని చూసినా అదే అంటాడని నా నమ్మకం.

కూడికల విషయంలో ఏం చేయొచ్చంటే, ఉన్నవన్నీ ఉంచుకోవచ్చు. అప్పుడు సంఘం తోడు ఉంటుంది గానీ, ఈ అలసట ఇలాగే సాగితే మీరే మంచాన పడతారు, అప్పుడు ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లేదెవరు? అన్నీ ఒకేసారి మానేయొచ్చు. కొన్నాళ్లు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత ఒంటరితనం, "మానేసింది చూశారా" అనే మాటలు. నాకు తోచేది మధ్య దారి: ఆదివారం ఆరాధన, వారానికి ఒక్క కూడిక. రాత్రంతా ప్రార్థన ఆయనకు డయాలసిస్ ఉన్న కాలమంతా పక్కన పెట్టడం. స్త్రీల కూడికలో మీకు నమ్మకమైన ఇద్దరిని పిలిచి, "నా వంతు రాత్రి ప్రార్థన మీరు చేయండి, నేను నిద్రపోతాను" అని అడగండి. అది అడగడానికి సిగ్గనిపించొచ్చు. మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. ఒకరి చేతులు ఇంకొకరు పట్టుకోవడానికే కదా సంఘం.

డయాలసిస్ అయ్యే నాలుగు గంటలు మీరు వరండాలో ఫోన్‌లో ప్రార్థన గ్రూపులకు మెసేజ్‌లు పంపుతూ గడుపుతున్నారని రాశారు. ఆ నాలుగు గంటల్లో మొదటి కొద్దిసేపు ఫోన్ సంచిలో పెట్టి 131వ కీర్తన చదవండి. మూడే వచనాలు. "నేను నా ప్రాణమును నిమ్మళపరచుకొని సముదాయించుకొనియున్నాను" అంటాడు, చనుపాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్టు అంటాడు. పాలు తాగే పిల్ల తల్లి దగ్గరకు పాల కోసం వస్తుంది, దొరికేదాకా ఏడుస్తుంది. పాలు విడిచిన పిల్ల ఊరికే ఒళ్లో కూర్చోవడానికి వస్తుంది. రోజూ ఒకటి అడుగుతూ దేవుని దగ్గరకు వెళ్తున్న మీరు, ఆ కొద్దిసేపు ఏమీ అడక్కుండా కూర్చుని చూడండి. మొదటి రోజుల్లో మనసు మళ్లీ మళ్లీ కిడ్నీ దగ్గరకే వెళ్తుంది. వెళ్లనివ్వండి, మళ్లీ ఆ మొదటి వచనానికి రండి. దాని వల్ల ఆయనకు త్వరగా కిడ్నీ వస్తుందని నేను అనను. విశ్రాంతిని జవాబు తెప్పించే సాధనంగా వాడితే అది ఇంకో ఉపవాసంలా మారిపోతుంది.

ఫోన్ సంచిలో పెడితే పిలుపు తప్పిపోతుందని భయపడతారు. న్యాయమైన భయమే. దానికి మార్గం ఉంది. ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను కలిసి, మీ నంబరుతో పాటు అమ్మాయిదీ, మీ తమ్ముడిదో అన్నదో ఇంకొక నంబరూ ఇవ్వండి. కోఆర్డినేటర్ నంబరు మీ ఫోన్‌లో సేవ్ చేసి దానికి ఒక్కదానికే వేరే రింగ్‌టోన్ పెట్టండి. వారాలు పంచుకోండి: ఈ వారం రాత్రిళ్లు మీ తమ్ముడు, వచ్చే వారం మీరు. కావలి కాయడం ఒక్కరే చేస్తే కళ్లు మూతపడతాయి. వంతులు వేసుకున్నాక మీ వంతు కాని రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకోవచ్చు.

వదిన సంగతి. ఇక్కడ మూడు దారులున్నాయి, మూడింటికీ ధర ఉంది.

ఏమీ అడక్కుండా జాబితా మీదే ఆధారపడటం ఒకటి. బంధుత్వం చెడదు. కానీ ఓ గ్రూపు వారికి ఎదురుచూపు సాధారణంగా ఎక్కువ, ఆ కాలమంతా డయాలసిస్ ఆయన గుండెను అలసగొడుతూనే ఉంటుంది. పైగా ఆవిడ ఇస్తానని ఒక మాట అన్నారు కాబట్టి, మీరు అడక్కపోయినా ఇద్దరి మధ్యా ఆ మాట నిలబడే ఉంటుంది.

అడగడం రెండోది. తోబుట్టువు దగ్గరి బంధువు కాబట్టి చట్టం అనుమతిస్తుంది. అడిగితే మీరు అడగొద్దు, ఆయన అడిగితేనే బాగుంటుంది. మీరు అడిగితే అది ఆడపడుచు, మరదళ్ల మధ్య లెక్కలాగా వినబడుతుంది. తమ్ముడు అడిగితే తమ్ముడు అడిగినట్టే ఉంటుంది. అడిగేటప్పుడు ఒప్పుకోకపోవడానికి కూడా దారి వదలాలి: "అక్కా, నువ్వు కాదన్నా నేను నీ తమ్ముణ్ణే" అని ముందే అనాలి. దాత ఆరోగ్యంగా ఉన్నట్టు అన్ని పరీక్షల్లో తేలితే ఒక్క కిడ్నీతో మామూలు జీవితం గడపొచ్చు. ఆపరేషన్‌కు ఉండే ప్రమాదం చిన్నదే గానీ లేకపోలేదు, అది దాచకండి. బావగారినీ ఆ పిల్లలనూ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి వాళ్ల ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి. దానం ఇష్టపూర్వకంగా ఉండాలని చట్టమే చెబుతుంది, ఆవిడతో డాక్టర్లు విడిగా మాట్లాడేలా చూడండి. ఆవిడ వద్దంటే ఆ మాట అక్కడితో ముగియాలి. ప్రార్థన మనవిగా గ్రూపులో పెట్టి "ఆమె హృదయం మెత్తబడాలి" అని రాయించడం మాత్రం వద్దు. అలా రాస్తే ఆవిడను పది మందిలో నిలబెట్టినట్టవుతుంది.

మూడోది, మీ కిడ్నీయే ఉపయోగపడే మార్గం. ఇలాగే గ్రూపు కలవని ఇంకొక జంటతో అదలాబదలీ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది: మీది వాళ్ల రోగికి, వాళ్లది మీ ఆయనకి. ఓ గ్రూపు రోగికి జత దొరకడం కష్టమే, అయినా పేరు ఇచ్చి ఉంచడంలో నష్టం లేదు. గ్రూపు కలవకపోయినా ప్రత్యేక చికిత్సతో మార్పిడి చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. ఖర్చూ ఎక్కువే, ఇన్ఫెక్షన్ల భయమూ ఎక్కువే. ఈ రెండిటి గురించీ మీ డాక్టరును నేరుగా అడగండి.

మీ ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది కదా. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలు జూయెట్ దంపతులు, నర్సు అనే పేరుగల విశ్వాసి, జూలియా, రూతు ఆ కొండ ఎక్కి ఒంగోలు కోసం ప్రార్థించారు. మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడింది 1866లో. గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది 1878లో. ప్రసంగాల్లో ఈ రెండు చివర్లే చెబుతారు. మధ్యలో 24 ఏళ్లున్నాయి. చివర్లో ఘోరమైన కరువు వస్తే, క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చారు. ప్రార్థించి కొండ దిగినవాళ్లు దిగువన చేయాల్సింది చేశారు. వాళ్లలో ఎవరూ 1878 తేదీని ముందుగా తెలుసుకుని ఎదురుచూడలేదు. ఎదురుచూపు ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడమే మీకు అన్నిటికంటే కష్టంగా ఉందని రాశారు. ఆ కొండ ఎక్కినవాళ్లకీ తెలియదు.

ఇక మీ ఆయన. ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన మాట మీద నా చూపు ఆగిపోయింది. "ఈ పూటైనా ఇంట్లో ఉండు." ఆయన విశ్వాసంలో చల్లబడ్డారని మీకు భయం. నాకు అలా వినబడలేదు. ఎన్నాళ్లుంటానో తెలియని మనిషి, ఉన్న సాయంత్రాలు భార్యతో గడపాలనుకుంటున్నారు. కిడ్నీ కావాలా, ఏం కావాలి, దేనికి భయపడుతున్నారు అని ఈ రెండేళ్లలో ఆయన్ని మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అక్కను అడగడం ఆయనకు ఇష్టమో లేదో కూడా లేదు. ఆ బుధవారం సాయంత్రం కూడికకు బదులు ఇంట్లో ఉండండి. పిల్లలను కూర్చోబెట్టుకుని చిన్న కుటుంబ ప్రార్థన, ఆ తర్వాత జబ్బు మాట లేని భోజనం. అప్పుడు ఆయన్ని అడగండి. ఆయన చెప్పే జవాబు విన్నాక, పైన నేను రాసిన దారుల్లో కొన్ని వాటంతటవే మూసుకుపోవచ్చు, కొన్ని తెరుచుకోవచ్చు. ఆయన ఒంటి గురించిన నిర్ణయం ఆయనతో కలిసే తీసుకోవాలి.

అయ్యగారిని కలిసేటప్పుడు ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లండి. డయాలసిస్ సంగతి అక్కడ తేల్చుకుని, 21 రోజుల కూడికలకు వెళ్లాలా వద్దా అన్నది ఆ తర్వాత ఇద్దరూ అనుకోండి. కోఆర్డినేటర్ దగ్గరకు మాత్రం ఈ వారమే వెళ్లండి.